సంతకాలు గెలిచాం, ఓట్లు ఓడాం: టెక్సస్‌లో ఒక సిటీ కౌన్సిల్ కేస్ స్టడీ

ఉత్తర టెక్సస్‌లో నేనుండే ఊళ్ళో 2021 నుంచి 2024 దాకా ఒక చిన్న బృందం సిటీ కౌన్సిల్ చుట్టూ చేసిన పని ఇది. అందులో నేను ట్రెజరర్ని. లెక్కలు, ఫారాలు, ఓటర్ల జాబితాలు నా నెత్తిన ఉండేవి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. రిజిస్టర్ అయిన ఓటర్లు ముప్పై వేలకి కాస్త అటూ ఇటూ. మేయరుతో కలిపి కౌన్సిల్లో ఏడుగురు, ఏడుగురికీ ఓటుంది, పదవీకాలం మూడేళ్ళు. రోజువారీ పాలన, బడ్జెట్ తయారీ సిటీ మేనేజరు చేతిలో ఉంటాయి. బ్యాలట్ మీద పార్టీ పేర్లు ఉండవు. మన తెలుగువాళ్ళ తలుపు తడితే మాత్రం మొదటి ప్రశ్న "ఏ పార్టీ అన్నా?" అనే. ఏదీ లేదంటే నమ్మరు.

మా బృందాన్ని కలిపింది ఒకే మాట: ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్ను తక్కువ ఉండాలి, అప్పు చేసేముందు జనాన్ని అడగాలి. మొదటి రెండు మాటలకీ అందరూ తలూపుతారు. పని జరిగింది మాత్రం మూడో మాట మీదే. అది అర్థం కావడానికి మాకు ఒక ఎన్నిక ఖర్చయింది.

మొదలైంది ఒక నోటీసుతో. 2021లో సిటీ వెబ్‌సైట్లో, పేపర్లో ఒక లీగల్ నోటీసు వచ్చింది. కొత్త మున్సిపల్ భవనానికి సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్ జారీ చేయబోతున్నారని. దాన్ని ఇక్కడ సీఓ అంటారు. మామూలు బాండ్ అయితే ఓటర్లని అడగాలి. సీఓకి అడగక్కర్లేదు, కౌన్సిల్ ఓటు చాలు. తీర్చేది మాత్రం మన ఇంటి పన్నులోంచే.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు, అందుకని ఇంటి పన్ను గట్టిగా ఉంటుంది. సిటీ వేసే పన్నులో రెండు ముక్కలు: ఒకటి రోజువారీ ఖర్చులకి, రెండోది అప్పు తీర్చడానికి. 2019లో అసెంబ్లీ సెనేట్ బిల్ 2 అనే చట్టం చేసింది. రోజువారీ ముక్క కింద వచ్చే రాబడిని సిటీ ఏడాదికి 3.5 శాతం కన్నా ఎక్కువ పెంచాలంటే నవంబర్లో ఓటర్ల అనుమతి తీసుకోవాలి. అంతకుముందు ఆ గీత 8 శాతం దగ్గర ఉండేది. అప్పు ముక్కకి ఈ గీత వర్తించదు. వీధి గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తెరిచి పెట్టినట్టు. మా ఊరి భవనం ఆ పెరటి దారినే వస్తోంది.

కానీ ఆ పెరటి తలుపుకీ ఒక గడియ ఉంది, చాలామందికి తెలీదు. సీఓ జారీ చేసే ఓటుకి కనీసం 45 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ లోపు ఊళ్ళోని ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు పెట్టి ఇస్తే, ఎన్నిక పెట్టకుండా ఆ అప్పు చేయకూడదు. మాకు కావలసినవి దాదాపు పదిహేను వందల సంతకాలు. నోటీసు మా కంటపడేసరికే వారం పోయింది.

లైబ్రరీ బయట, సూపర్ మార్కెట్ల దగ్గర (లోపలి మేనేజర్లు తరిమేదాకా), హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటలప్పుడు పార్కింగ్ చివర నిలబడ్డాం. మొదటి వారాంతం రెండు వందలు దాటాయని సంబరపడ్డాం. ఇంటికొచ్చి చూస్తే సగం చెల్లవు. సంతకం పక్కన పుట్టిన తేదీ గానీ ఓటరు రిజిస్ట్రేషన్ నంబరు గానీ ఉండాలి. నంబరు ఎవరికీ గుర్తుండదు, పుట్టిన తేదీ రోడ్డు మీద నిలబడ్డ అపరిచితుడికి ఎవరూ ఇవ్వరు. అడ్రస్, సంతకం చేసిన తేదీ కూడా ఉండాల్సిందే. ఆ కాగితాలన్నీ పట్టుకుని మళ్ళీ ఇళ్ళకి వెళ్ళాం. అప్పట్నుంచి వాలంటీరు ముందు తన ఓటరు కార్డు తీసి చూపించి, "నంబరు ఇక్కడుంటుంది, మీది ఫోన్లో వెతుకుదాం" అనేవాడు. చిన్న మార్పే, కానీ చెల్లనివి బాగా తగ్గాయి.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు. అంకుల్ తలుపు తీసి, విషయం విని, పెన్ను తీసుకుని, "మా ఆవిడది కూడా నేనే పెట్టేస్తాలే" అంటారు. కుదరదు, ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలి అంటే నొచ్చుకుంటారు. "అంటే నా మీద నమ్మకం లేదా?" లోపల పోపు పెడుతున్న ఆంటీని పిలిపించి, చేతులు తుడుచుకోనిచ్చి, ఇదంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. ఒక సంతకానికి రెండు నిమిషాలు అనుకున్న చోట పావుగంట పట్టేది. అయితే చాలా ఇళ్ళలో అంకుల్ కన్నా ఆంటీ వేసిన ప్రశ్నలే పదునుగా ఉండేవి. "ఈ బిల్డింగ్ కట్టకపోతే పాతదాని రిపేరుకి ఎంతవుతుంది?" అని ఒకావిడ అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద సిటీకి అర్జీ పెట్టాం. పది పనిదినాల లోపు ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వరో అటార్నీ జనరల్‌ని అడగాలి. ఇచ్చారు. రిపేరు అంచనా మేం అనుకున్నంత తక్కువేమీ కాదు. దాన్ని మా కరపత్రంలో వేయాలా వద్దా అని గంటన్నర కొట్లాడుకున్నాం. వేశాం. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదనే నా నమ్మకం.

గడువుకి నాలుగు రోజుల ముందు సిటీ సెక్రటరీ ఆఫీసులో పందొమ్మిది వందల పైచిలుకు సంతకాలు ఇచ్చాం. పరిశీలనలో పోయినవి పోగా కావలసినన్ని నిలబడ్డాయి, పెద్ద మిగులేమీ లేదు. కౌన్సిల్ ఆ అంశాన్ని అజెండాలోంచి తీసేసింది.

గెలిచాం అనుకున్నాం. అక్కడే తప్పు చేశాం.

2022 మే ఎన్నికకి మా బృందంలోంచి ఒకావిడని నిలబెట్టాం. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, వృత్తి రీత్యా అకౌంటెంట్. కౌన్సిల్ మీటింగుల్లో మూడు నిమిషాల మైకు దగ్గర రెండేళ్ళుగా క్రమం తప్పకుండా కనిపించేది. అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, ఓటుకి ముందే జనం మాట్లాడే హక్కుని 2019లో రాష్ట్ర చట్టం ఖాయం చేసింది. ఆవిడ ఆ మూడు నిమిషాల్నీ ఎప్పుడూ మిగిల్చేది కాదు. మా లెక్క సులువు: పదిహేను వందల పైన చెల్లిన సంతకాలున్నాయి, మే ఎన్నికలో ఒక సీటు రెండు రెండున్నర వేల ఓట్ల మధ్య తేలిపోతుంది, సంతకం పెట్టినవాళ్ళంతా మనవాళ్ళే, ఇంకేం కావాలి?

ముందు ఫారాల సంగతి. ట్రెజరర్ని నియమిస్తున్నట్టు సిటీ సెక్రటరీకి కాగితం ఇవ్వనిదే ఒక్క డాలరు తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. ఎన్నికకి 30 రోజుల ముందు ఒక రిపోర్టు, 8 రోజుల ముందు ఇంకొకటి. కార్పొరేషన్ల డబ్బు అభ్యర్థికి నిషిద్ధం కాబట్టి, తెలిసిన ఒక కాంట్రాక్టరు కంపెనీ చెక్కు ఇస్తే వెనక్కిచ్చి సొంత చెక్కు రాయించుకున్నాను. ఒక పెద్దాయన శుభమా అని నూట పదహారు డాలర్లు కవర్లో పెట్టి ఇచ్చారు. నగదు రూపంలో ఒక మనిషి దగ్గర ఒక రిపోర్టు కాలంలో వంద డాలర్లకి మించి తీసుకోకూడదు. "పదహారు తీసేస్తే అపశకునం బాబూ" అన్నారు. చెక్కు రాయమని బతిమాలితే, చివరికి నూట పదహార్లకే రాశారు. హెచ్‌వన్‌బీ మీదున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆన్‌లైన్లో ఇచ్చిన డబ్బు కూడా తిప్పి పంపాను. గ్రీన్ కార్డు లేని విదేశీయులు స్థానిక ఎన్నికలకి కూడా విరాళం ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. వాళ్ళకి చాలా బాధేసింది. ఇంటి పన్ను అందరిలాగే కడతారు, ఓటు లేదు, విరాళం కూడా లేదు. సైన్లు, అంటే ఇళ్ళ ముందు పెట్టే ప్రచార బోర్డులు, పాతడానికి రావచ్చని చెప్పాను, వచ్చారు. అందరికన్నా ఎక్కువ పాతింది వాళ్ళే.

సైన్ల గురించి ఒక్కమాట. హెచ్ఓఏ (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు తీసేయమని ఉత్తరాలు పంపుతారు, భయపడక్కర్లేదు. ఎన్నికకి 90 రోజుల ముందు నుంచి పది రోజుల తర్వాత దాకా సొంత ఇంటి ముందు అభ్యర్థి సైను పెట్టుకోవడాన్ని వాళ్ళు ఆపలేరని రాష్ట్ర ప్రాపర్టీ కోడ్ చెబుతోంది. ఒక అభ్యర్థికి ఒక సైనుకే ఆ రక్షణ. సైన్లు ఓట్లు తెస్తాయా అంటే నాకు పెద్ద నమ్మకం లేదు. వాలంటీర్ల ఉత్సాహం నిలబెడతాయి, అంతే.

అసలు దెబ్బ ఫోరమ్‌లో తగిలింది. మార్చి చివర్లో అభ్యర్థులు ముగ్గురినీ వేదిక మీద కూర్చోబెట్టారు. మా అభ్యర్థి పన్నుల గురించి బాగా మాట్లాడింది. పన్ను రేటు తగ్గించామని సిటీ వాళ్ళు చెప్పుకుంటున్నారు, నిజమే. కానీ నాలుగు లక్షల డాలర్ల ఇంటికి వంద డాలర్లకి 50 సెంట్ల చొప్పున 2,000 కట్టినవాడు, మరుసటి ఏడు అదే ఇంటి విలువ 4,40,000 అయి రేటు 48 సెంట్లకి దిగినా 2,112 కడతాడు, దీన్ని తగ్గింపు అనరు అని వివరించింది. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి, "బాగానే ఉందమ్మా, బడ్జెట్లో ఏ లైను కొట్టేస్తావు? ఒక్కటి చెప్పు" అన్నాడు. ఆవిడ "వృథా ఖర్చులన్నీ" అంది. "అంటే ఏవి?" నిశ్శబ్దం. పక్కనున్న ప్రత్యర్థి ఏమీ అనకుండా నీళ్ళు తాగాడు. ఏమీ అనక్కర్లేదు కూడా.

ఆవిడ తప్పు కాదు అది, మాది. బడ్జెట్ పుస్తకం అందరం ఇళ్ళల్లో పెట్టుకున్నాం, ఒక్కరం కూడా చివరిదాకా చదవలేదు. ఇక్కడి సిటీలో పోలీసు, ఫైర్ జీతాలే సాధారణ నిధిలో పెద్ద వాటా. వాటిని ముట్టుకోకుండా మిగిలినదాంట్లో ఎంత కొట్టగలవన్నది కూర్చుని లెక్కేస్తే తేలే విషయం. మేం లెక్కేయలేదు. తలుపు దగ్గర జనం చెప్పే కోపంలో సగం అసలు స్కూల్ టాక్స్ మీద. ఇంటి బిల్లులో పెద్ద ముక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌దే, దానికి వేరే బోర్డు ఉంటుంది. ఆ కోపాన్ని మా ఖాతాలో వేసుకుని బలం అనుకున్నాం.

మే 7న ముగ్గురిలో ఎవరికీ సగం దాటలేదు. పదవీకాలం రెండేళ్ళు మించిన సిటీల్లో మెజారిటీ తప్పనిసరి కాబట్టి జూన్‌లో రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ ఎన్నిక. ఎండలు, సెలవులు, ఇండియా ప్రయాణాలు. 61 ఓట్లతో ఓడాం.

ఓడాక నేను చేసిన మంచి పని ఒకటుంది. కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి ఓటింగ్ చరిత్ర ఫైలు తెప్పించి, మా సంతకాల జాబితాతో జత చేశాను. ఎవరికి ఓటేశారో అందులో ఉండదు, ఏ ఎన్నికలో వేశారో ఉంటుంది. అంతకుముందు మూడు మే ఎన్నికల్లో కనీసం ఒక్కసారైనా ఓటేసినవాళ్ళు మా సంతకందార్లలో నలుగురికి ఒకరు కూడా లేరు. నవంబర్లో అధ్యక్షుడి ఎన్నికకి వస్తారు, మేలో రారు. మేం ఎనిమిది వారాలు, మా వారాంతాలన్నీ, ఓటుకి రానివాళ్ళ తలుపులు మళ్ళీ మళ్ళీ తట్టాం. వాళ్ళకి మేం నచ్చాం, నిజమే. ఓటుకి వచ్చే నాలుగు వేల మందిలో సగం ఇళ్ళకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఈ ఫైలు పిటిషన్ రోజుల్లోనే తెప్పించి ఉండొచ్చు. ఎవరూ అడ్డుపడలేదు, మాకు తోచలేదు.

ఆ ఏడు ఆగస్టులో బడ్జెట్ వర్క్‌షాపులన్నిటికీ వెళ్ళాం. జూలై 25 నాటికి అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆస్తుల విలువల జాబితా ఖాయం చేసి పంపుతుంది, అక్కణ్ణుంచి సెప్టెంబర్ దాకా అసలు పని జరుగుతుంది. ప్రేక్షకుల కుర్చీల్లో చాలాసార్లు మేమే ఉండేవాళ్ళం. ఒక మీటింగులో ఫైనాన్స్ డైరెక్టరు విరామంలో వచ్చి, "మీరు కావాలంటే వాహనాల కొనుగోలు షెడ్యూలు చూడండి, అక్కడ ప్రశ్నలున్నాయి" అని చెప్పి వెళ్ళిపోయింది. శత్రువులనుకున్నవాళ్ళలో మనకన్నా లోతుగా విసిగినవాళ్ళు ఉంటారు.

అదే సమయంలో వేరే ఊళ్ళ కథలు చదివాం. శాన్ ఆంటోనియో పక్కన వాన్ ఆర్మీ అనే చిన్న ఊరు 2008లో సిటీగా ఏర్పడింది, ఇంటి పన్నుని సున్నాకి తేవాలన్న పట్టుదలతో. తర్వాత మురుగు పైపుల కోసం అప్పు చేయాలా వద్దా అన్న దగ్గరే చిక్కుకుంది. జార్జియాలో శాండీ స్ప్రింగ్స్ 2005లో దాదాపు అన్ని సేవలూ ప్రైవేటు కంపెనీకి అప్పగించి దేశమంతా పేరు తెచ్చుకుంది. 2019లో లెక్క చూసుకుని చాలావాటికి సొంత ఉద్యోగులనే పెట్టుకుంది, అదే చవకని. మా బృందంలో ఇద్దరికి ఈ చర్చ నచ్చక మానేశారు. అప్పు అంటే అప్పే, దానికి మంచీ చెడూ ఉండదన్నది వాళ్ళ వాదన. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. గీత ఒకసారి జరిగితే జరుగుతూనే ఉంటుందన్న భయం ఉత్తదేమీ కాదు.

2023లో ఇంకో సీటుకి ఆవిడే నిలబడింది. ఈసారి మూడే మాటలు: సీఓలు మానేసి అప్పు ఏదైనా బ్యాలట్ మీదకి తేవాలి, వాహనాల మార్పిడి గడువు పొడిగించాలి, సొంతింట్లో ఉండేవాళ్ళకి సిటీ ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుని చట్టం అనుమతించే 20 శాతం దిశగా ఏటా కొంత పెంచాలి. నాలుగు వేల ఇళ్ళ జాబితా, ఒక్కో ఇంటికి రెండుసార్లు. మొదటిసారి అడగడానికి, రెండోసారి ఎర్లీ ఓటింగ్ మొదలయ్యే ముందు గుర్తు చేయడానికి. ఖర్చు మొదటిసారి కన్నా తక్కువయింది. ఇద్దరే పోటీ కాబట్టి రనాఫ్ టెన్షన్ లేదు. గెలిచింది.

గెలిచిన మూడు నెలలకే అసలు లెక్క ఎదురైంది. పాత ఆస్తుల మీద పోయినేడు వచ్చినంతే రాబడి తెచ్చే రేటుని నో న్యూ రెవెన్యూ రేటు అంటారు. దానికి మించిన రేటు పెట్టాలంటే కౌన్సిల్లో 60 శాతం మంది ఒప్పుకోవాలి. ఏడుగురిలో అది ఐదుగురు. అంటే ముగ్గురు కాదంటే చాలు, ఆగిపోతుంది. ప్రతిపాదించే సభ్యుడు ఏ మాటలతో ప్రతిపాదించాలో కూడా చట్టంలో రాసి ఉంది: "ఇంటి పన్ను రేటు పెంచాలని ప్రతిపాదిస్తున్నాను" అని, ఎంత శాతమో నోటితో చెప్పి తీరాలి. రేటు తగ్గించామని ఏడాదంతా చెప్పుకున్న మనిషి ఆ వాక్యం చదువుతుంటే గది ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఓటు 5-2. ఆవిడతో కలిసినవాడు ఒక్కడే. హోమ్‌స్టెడ్ మినహాయింపు మాత్రం కొంచెం పెరిగింది. వాహనాల గడువు మీద ఎవరూ వాదించనే లేదు.

ఆ చలికాలం వర్షపు నీటి కాలవల కోసం సీఓ ప్రతిపాదన వచ్చింది. పాత సబ్‌డివిజన్‌లో నాలుగు వీధులు ప్రతి పెద్ద వానకీ మునుగుతాయి, ఆవిడ వెళ్ళి చూసింది. పని అవసరమేనని ఒప్పుకుని, సీఓ బదులు బాండ్‌గా బ్యాలట్ మీద పెట్టమంది. "ఓడిపోతే బాధ్యత ఎవరిది?" అని మేయరు అడిగితే, తనే ఇంటింటికీ తిరిగి అడుగుతానంది. నలుగురు ఒప్పుకున్నారు. సిటీ డబ్బుతో ప్రచారం చేయకూడదు కాబట్టి మళ్ళీ కొత్త కమిటీ, కొత్త ట్రెజరర్ ఫారం, మళ్ళీ నేనే.

2024 ఏప్రిల్లో ఒక సాయంత్రం, మూడేళ్ళ కింద సంతకం పెట్టిన అంకుల్ ఇంటి తలుపు తట్టాం. మమ్మల్ని గుర్తుపట్టారు.

"అప్పు వద్దని నాచేత సంతకం పెట్టించింది మీరే కదయ్యా? ఇప్పుడు అప్పుకి ఓటెయ్యమంటున్నారేంటి?"

"అప్పుడు మిమ్మల్ని అడక్కుండా చేయబోయారు అంకుల్. ఇప్పుడు అడుగుతున్నాం. వద్దనిపిస్తే వద్దనే వెయ్యండి."

ఆయన మా కౌన్సిల్ సభ్యురాలి వైపు, నా వైపు చూసి, లోపలికి కేకేశారు. "ఏమేవ్, వీళ్ళు మళ్ళీ వచ్చారు. ఇలా రా, ఈసారి ఏదో కాలవట."

ఆంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పైపు ఎంత లోతున వేస్తారని అడిగారు.